ఆ గొంతులు వినపడకముందే...

'పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు' అని మనకో సామెత ఉంది. ఎటూ తేలని వ్యవహారాల గురించి నవ్వుతూ వాడేస్తుంటాం. కానీ అందులోని రెండో సగాన్ని నిజమని నమ్మి ముహూర్తాలు పెట్టించేసిన ఇళ్లు తెలుగునాట తక్కువేం కాదు.

కథ దాదాపు అన్నిచోట్లా ఒకలాగే నడుస్తుంది. డిగ్రీయో ఇంజినీరింగో చదువుతున్న పిల్లాడు. పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. ముందు స్నేహితులకు ఫోన్లు మానేస్తాడు. రాత్రంతా మేల్కొని పగలు పడుకుంటాడు. తలంటు సంగతి సరే, మామూలు స్నానానికే రోజుల తరబడి బతిమాలాలి. ఫస్ట్‌క్లాసులో పాసైనవాడు వరసగా సబ్జెక్టులు తప్పుతాడు. 'ఏదో ప్రేమ వ్యవహారం' అంటుంది పెద్దమ్మ. 'గారాబం ఎక్కువైంది' అంటాడు బాబాయి. ఇంకొన్నాళ్లకు 'పక్కింటివాళ్లు నా గురించే మాట్లాడుకుంటున్నారు' అని కిటికీలు మూసేస్తాడు. గదిలో ఒక్కడే ఉండి ఎవరికో జవాబులు చెబుతుంటాడు. అప్పుడు మొదలవుతుంది తిరుగుడు... గాలి సోకిందని ఒకరు, చేతబడి అని ఇంకొకరు. గుడి, దర్గా, ప్రార్థన కూటం, మెడలో తాయెత్తు, చేతికి దారం. అవన్నీ అయ్యాక 'ఓ ఇంటివాణ్ని చేస్తే వాడే దార్లో పడతాడు' అన్న తీర్మానం. మానసిక వైద్యుడి గడప తొక్కేసరికి ఏడాది గడిచిపోతుంది. ఒక్కోసారి రెండేళ్లు, మూడేళ్లు కూడా.

ఆ పోయిన కాలం గురించే ఈ కథంతా. స్కిజోఫ్రెనియాపై గత ముప్పై ఏళ్లలో జరిగిన పరిశోధనల్లో, కొత్త మాత్రల కన్నా ఎక్కువగా ఇంట్లోవాళ్లకు పనికొచ్చే సంగతి ఏదైనా ఉందంటే అది ఇదే: మొదటి లక్షణానికీ మొదటి మాత్రకూ మధ్య ఎంతకాలం వృథా అయిందన్నది ఆ మనిషి మిగతా జీవితాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది.

అపరిచితుడు కాదు...

ముందు ఓ అపోహ తీర్చేసుకోవాలి. 2005లో కొద్ది నెలల తేడాతో మనకు 'చంద్రముఖి', 'అపరిచితుడు' వచ్చాయి. రెండూ బాగా ఆడాయి. ఒకే శరీరంలో ఇద్దరు ముగ్గురు మనుషులు ఉండటమే స్కిజోఫ్రెనియా అన్న అభిప్రాయమూ అప్పట్నుంచి బాగా బలపడింది. సినిమాలుగా వాటిని ఎంతైనా మెచ్చుకోవచ్చుగానీ వాటిలో చూపించింది వేరే సమస్య. ఈ గందరగోళానికి కొంత కారణం పేరే. స్విట్జర్లాండ్ వైద్యుడు ఆయిగన్ బ్లాయిలర్ 1908లో పెట్టిన ఈ పేరుకు గ్రీకులో 'చీలిన మనసు' అని అర్థం. ఆయన చెప్పిన చీలిక మనిషి ఇద్దరుగా మారిపోవడం కాదు. ఆలోచన, ఉద్వేగం, ప్రవర్తన ఒకదానికొకటి పొంతన లేకుండా పోవడం. జపాన్‌లో ఈ పేరుతో ఇంకో ఇబ్బంది వచ్చింది. 'మనసు చీలిన జబ్బు' అని రోగి మొహాన చెప్పలేక డాక్టర్లు అసలు జబ్బు పేరే దాచేసేవారు. 2002లో అక్కడ పేరు మార్చారు. మూడేళ్లు తిరిగేసరికి తమ జబ్బేమిటో తెలిసిన రోగుల సంఖ్య నూటికి 37 నుంచి 70కి చేరింది. దక్షిణ కొరియా ఆ తర్వాత ఇంకా అందమైన పేరు ఎంచుకుంది. తీగ వాయిద్యాన్ని శ్రుతి చేయడమనే భావం వచ్చే పేరు అది. శ్రుతి తప్పిన వీణను మళ్లీ శ్రుతి చేయొచ్చు కదా!

జీవితకాలంలో వెయ్యి మందిలో ఏడు నుంచి పది మందికి ఈ జబ్బు వస్తుందని అంచనా. మగపిల్లల్లో సాధారణంగా ఇరవై అటూఇటూగా, ఆడవాళ్లలో కొంచెం ఆలస్యంగా బయటపడుతుంది. లేని మాటలు వినపడటం, లేని కుట్రలు కనపడటం అందరికీ తెలిసిన లక్షణాలు. అసలు సంసారాన్ని కుంగదీసేవి మాత్రం మిగతావి... ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, మొహంలో నవ్వూ ఏడుపూ కనపడకపోవడం, నలుగురిలోకి రాకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం. ఇంట్లోవాళ్లు వీటిని బద్ధకం అనుకుంటారు. 'తిని కూర్చోవడం అలవాటైంది' అని తిడతారు. జ్వరమొచ్చిన పిల్లాణ్ని 'ఒళ్లెందుకు కాలుతోంది?' అని తిట్టడం లాంటిదే అది.

ఆ గొంతుల గురించి ఆసక్తికరమైన అధ్యయనం ఒకటి మన పక్కనే జరిగింది. అమెరికాకు చెందిన మానవశాస్త్రవేత్త తాన్యా లర్మన్ చెన్నై, ఘనాలోని అక్రా, కాలిఫోర్నియాలోని శాన్ మతేయో పట్టణాల్లో ఇరవయ్యేసి మంది రోగులతో మాట్లాడారు. అమెరికా రోగులకు ఎక్కువగా వినపడేవి తెలియని గొంతులు... చంపు, కొట్టు అంటూ. చెన్నైలో మాత్రం సగానికి పైగా రోగులకు చుట్టాల గొంతులు వినపడ్డాయి. తిట్టినా సరే, స్నానం చెయ్యి, వంట చెయ్యి అని పురమాయించే గొంతులవి. జబ్బు ఒకటే అయినా అది మాట్లాడే భాష పెరిగిన ఇంటినిబట్టి మారుతుందన్నమాట.

సర్పగంధ నుంచి క్లోజపిన్ దాకా

మందుల చరిత్రలో మొదటి పేజీల్లో ఒకటి మనదే. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు సర్పగంధ వేరు పొడితో మతిస్థిమితం తప్పినవారికీ, రక్తపోటు ఉన్నవారికీ గుణం కనపడిందని రాశారు. ఇరవై ఏళ్ల తర్వాత స్విట్జర్లాండ్ కంపెనీ సీబా ఆ వేరులోంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. కొన్నేళ్లపాటు అది మానసిక వైద్యశాలల్లో బాగానే నడిచింది. అయితే ఈలోపే పారిస్‌లో ఇంకోటి తయారైంది. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే ఓ మందుతో రోగులు ప్రశాంతంగా, ఏమీ పట్టనట్లుగా ఉంటున్నారని హెన్రీ లాబొరీ అనే నౌకాదళ సర్జన్ గమనించాడు. 1952లో సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ దాన్ని మానసిక రోగులకు ఇచ్చి చూశారు. అదే క్లోర్‌ప్రోమజిన్. గొలుసులూ చీకటి గదులూ తప్ప దిక్కులేదనుకున్నవాళ్లు మంచం దిగి మాట్లాడటం మొదలుపెట్టారు.

అది ఎలా పనిచేస్తోందో అప్పటికి ఎవరికీ తెలియదు! మెదడులో డోపమైన్ అనే రసాయనానికి ఈ మందులు అడ్డుపడుతున్నాయని స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ 1963లో సూచించాడు. డోపమైన్ పరిశోధనలకే ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత వచ్చిన మందులు డజన్ల కొద్దీ ఉన్నా దాదాపు అన్నీ ఆ ఒక్క తలుపునే మూస్తాయి. గొంతులు తగ్గుతాయి, అనుమానాలు తగ్గుతాయి. బదులుగా చేతులు వణుకుతాయి, మొహం బిగుసుకుంటుంది. కొత్తరకాలైతే ఒళ్లొస్తుంది, షుగరొస్తుంది. ఆసక్తి, జ్ఞాపకశక్తి మాత్రం పెద్దగా తిరిగిరావు. ఇది దాచిపెట్టాల్సిన విషయం కాదు. మందు మింగనంటున్న మనిషి ఊరికే మొండికేయట్లేదని ఇంట్లోవాళ్లకు తెలియాలి.

ఈ వరసలో క్లోజపిన్‌ది ప్రత్యేక గాథ. దానికి పెద్దగా వణుకు రాదు. మరే మందుకూ లొంగనివారికి పనిచేస్తుంది. కానీ 1975లో ఫిన్లాండ్‌లో దాన్ని వాడినవారిలో తెల్లరక్తకణాలు పడిపోయి ఎనిమిది మంది చనిపోయారు. చాలా దేశాల్లో దాన్ని పక్కన పెట్టేశారు. 1988లో అమెరికాలో జాన్ కేన్ బృందం ఏ మందూ పనిచేయని 268 మందితో పరీక్ష జరిపింది. ఆరు వారాల్లో క్లోజపిన్ తీసుకున్నవారిలో 30 శాతం మంది తేరుకున్నారు. పాత క్లోర్‌ప్రోమజిన్‌తో ఆ సంఖ్య 4 శాతమే. దాంతో మందు తిరిగొచ్చింది... మొదట్లో వారం వారం రక్తపరీక్ష చేయించుకోవాలన్న షరతుతో. రెండు మందులు సరైన మోతాదులో, సరిపడా కాలం వాడినా గుణం లేకపోతే క్లోజపిన్ ఆలోచించాలన్నది ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. అయినా ఆచరణలో ఏళ్ల తరబడి మందు మీద మందు మారుస్తూ పోవడమే ఎక్కువ. రక్తపరీక్షల తలనొప్పి డాక్టర్లకూ ఉంది, రోగులకూ ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025లో ఆ పరీక్షల వివరాలు నమోదు చేస్తేనే మందు ఇవ్వాలన్న నిబంధన ఎత్తేసింది. పరీక్షలు అక్కర్లేదని కాదు, ఆ కాగితాల గొడవకు భయపడి మంచి మందు దూరమవుతోందని. మీ ఇంట్లో ఎవరికైనా మూడో నాలుగో మందు కూడా పనిచేయకపోతే 'క్లోజపిన్ సంగతేమిటి డాక్టరుగారూ?' అని అడగడంలో తప్పులేదు.

తల్లి తప్పు కాదు

1948లో ఓ మానసిక విశ్లేషకురాలు ఈ జబ్బుకు తల్లి పెంపకం కారణమవుతుందన్న అర్థం వచ్చే మాట ఒకటి పుట్టించారు. ఎన్నో దేశాల్లో రెండు తరాల తల్లులు ఆ నింద మోశారు. అందుకు ఆధారం ఏమీ లేదని తర్వాత తేలింది. మన దగ్గర ఆ సిద్ధాంతం తెలియకపోయినా 'నీ పెంపకమే' అన్న మాట మాత్రం తెలుసు!

2022లో 76 వేలకు పైగా రోగుల జన్యువులను ఆరోగ్యవంతులవాటితో పోల్చి చూసిన అంతర్జాతీయ బృందం, ఈ జబ్బుతో సంబంధం ఉన్న చోట్లు మన జన్యు సమాచారంలో 287 ఉన్నట్లు గుర్తించింది. అంటే ఏ ఒక్క జన్యువూ దోషి కాదు. ఒక్కోటి చిటికెడు చొప్పున కలిపితే పెరిగే ముప్పు ఇది. అచ్చు ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చే అవకాశం సగానికి మించదు. కాబట్టి 'మీ వంశంలోనే ఉంది' అని వియ్యాలవారు దెప్పుకోవడానికి ఇందులో పెద్దగా సరుకు లేదు.

మరి ఇరవై ఏళ్ల వయసులోనే ఎందుకు? మామిడితోటలో కొమ్మలు కత్తిరించినట్లు, యవ్వనంలో మెదడు తన నాడీకణాల మధ్య ఉన్న అనవసరపు సంధులను కత్తిరించుకుంటుంది. అది సహజం, అవసరం కూడా. ఆ కత్తిరింపు అతిగా జరగడమే ఈ జబ్బుకు మూలం కావచ్చని అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ ఫైన్‌బర్గ్ 1982లోనే ఊహించాడు. 2016లో హార్వర్డ్‌కు చెందిన పరిశోధకులు ఆ ఊహకు ఓ ఆధారం చూపారు. ముప్పు పెంచే జన్యువుల్లో ఒకటైన సి4కు ఈ కత్తిరింపులో పాత్ర ఉందని ఎలుకల్లో రుజువు చేశారు. ఎలుక మెదడుకూ మనిషి మెదడుకూ చాలా దూరం ఉంది. అయినా తోటమాలి దొరకలేదుగానీ కత్తెర దొరికినట్లే. ఈ వయసులోనే గంజాయి ప్రమాదమూ ఎక్కువ. రోజూ వాడేవారిలో, అందులోనూ చిన్నవయసులో మొదలుపెట్టినవారిలో ఈ తరహా జబ్బుల ముప్పు పెరుగుతుందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. కాలేజీల చుట్టూ గంజాయి పొట్లాలు తిరుగుతున్న ఈ రోజుల్లో దాన్ని పోలీసుల సమస్యగానే చూడటం సరిపోదు.

మెదడులోని మరో తలుపు

డెబ్భై ఏళ్ల తర్వాత మందుల్లోనూ ఓ మలుపు వచ్చింది. గ్జానోమెలిన్ అనే పదార్థాన్ని 1990లలో అల్జీమర్స్ కోసం పరీక్షించారు. జ్ఞాపకశక్తి సంగతేమోగానీ రోగుల్లో భ్రమలు తగ్గాయి. అయితే వాంతులు, కడుపులో తిప్పడం భరించలేక చాలామంది మానేశారు. మందు అటకెక్కింది. ఆ తర్వాత బోస్టన్‌లోని కరునా అనే చిన్న సంస్థ ఓ చిట్కా కనిపెట్టింది. మూత్రాశయ సమస్యలకు వాడే ట్రోస్పియం అనే పాత మందు మెదడులోకి వెళ్లదు, కడుపు దగ్గరే గ్జానోమెలిన్‌కు అడ్డుపడుతుంది. రెండింటినీ కలిపితే? అలా తయారైన 'కొబెన్ఫీ'ని అమెరికా 2024 సెప్టెంబరులో ఆమోదించింది. పాత మందులు ఇంటింటి కుళాయిని బిగిస్తే ఇది వీధి చివర వాల్వును కాస్త తిప్పుతుంది. డోపమైన్ తలుపు జోలికి నేరుగా పోదు. అందుకే వణుకు, ఒళ్లు రావడం పెద్దగా ఉండవు.

వెంటనే సంబరపడిపోనక్కర్లేదు. వికారం, మలబద్ధకం దీనికీ ఉన్నాయి. పరీక్షలు చాలావరకు ఐదు వారాలవే. పాత మందుకు తోడుగా దీన్ని ఇస్తే ఎక్కువ లాభం ఉంటుందా అని చేసిన పరీక్ష 2025లో అనుకున్న ఫలితం ఇవ్వలేదు. ఇదే కోవలోని ఇంకో కంపెనీ మందు 2024 నవంబరులో తేలిపోయింది. అమెరికాలో నెలకు 1,850 డాలర్ల ధరతో అమ్మకానికి పెట్టారు. తలుపు తెరుచుకుంది, అంతవరకే.

మందుకాని చికిత్సల్లోనూ చిత్రమైనవి వచ్చాయి. లండన్‌లో జూలియన్ లెఫ్ అనే మానసిక వైద్యుడికి ఓ ఆలోచన వచ్చింది. రోగికి వినపడే గొంతుకు కంప్యూటర్ తెర మీద మొహం ఇచ్చి, దానితో ఎదురుబదురు మాట్లాడిస్తే? తెర వెనక నుంచి మాట్లాడేది చికిత్సకుడే. రోజులు గడిచేకొద్దీ ఆ బొమ్మ మెత్తబడుతుంది, రోగి గొంతు పెరుగుతుంది. 150 మందితో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో పన్నెండు వారాలకు గొంతుల బాధ బాగా తగ్గింది. ఆరు నెలలకు మాత్రం మామూలు కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లూ దాదాపు వీళ్లతో సమానమయ్యారు.

పేపర్లో ప్రకటన

ఇన్ని దేశాల ప్రయోగశాలల తర్వాత, అసలైన ఫలితం చూపింది నార్వేలోని రోగలాండ్ జిల్లా దినపత్రికల ప్రకటనలు! 1997 నుంచి నాలుగేళ్లపాటు అక్కడి పత్రికల్లో, రేడియోలో, సినిమాహాళ్లలో 'ఈ లక్షణాలు కనిపిస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని ప్రచారం చేశారు. టీచర్లకూ ఇంటి డాక్టర్లకూ శిక్షణ ఇచ్చారు. ఫోన్ చేస్తే బృందమే కదిలొచ్చేది. ప్రచారం లేని ప్రాంతాల్లో చికిత్స మొదలయ్యేసరికి సగటున 16 వారాలు పడితే రోగలాండ్‌లో 5 వారాలకు దిగింది. చికిత్స మాత్రం రెండుచోట్లా ఒకటే. పదేళ్ల తర్వాత చూస్తే పూర్తిగా కోలుకున్నవారు ప్రచారం లేనిచోట నూటికి 15, రోగలాండ్‌లో 31. పూర్తికాలం ఉద్యోగం చేసుకుంటున్నవారూ అక్కడే ఎక్కువ. పదకొండు వారాల తేడాకు అంత ఫలితం! ప్రచారం ఆపేశాక అక్కడా మళ్లీ ఆలస్యం పెరిగింది.

వాళ్లకు 16 వారాలే ఆలస్యం. మన దగ్గర లెక్క ఏళ్లలో. నిమ్‌హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం ఇలాంటి తీవ్రమైన జబ్బులున్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి చికిత్సే అందడం లేదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా దగ్గరి పాక అంటుకుని 28 మంది మానసిక రోగులు చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటం వల్లే వాళ్లు పారిపోలేకపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలా కట్టేయడాన్ని నిషేధించింది.

మనకు లేనిదేమిటో తెలుసు, ఉన్నదేమిటో కూడా చెప్పుకోవాలి. మన దగ్గర రోగి వెంట ఇల్లు ఉంటుంది. ఇంట్లోవాళ్లు సూటిపోటి మాటలంటూ, అతిగా జోక్యం చేసుకుంటూ ఉంటే జబ్బు తిరగబెట్టడం ఎక్కువని లండన్ పరిశోధకులు ఏనాడో చూపించారు. అదే కొలతతో 1980లలో చండీగఢ్‌లో చూస్తే అలాంటి ఇళ్లు లండన్‌లో కన్నా చాలా తక్కువగా కనిపించాయి. చెన్నైలో శారదా మేనన్ 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ కూడా ఈ ఇంటి బలం మీదే ఆధారపడింది. కాంచీపురం, గోవా, సతారాలలో జరిపి 2014లో ప్రచురించిన పరీక్షలో, శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు 282 మంది రోగులలో కొందరి ఇళ్లకు వెళ్లి మందులు, దినచర్య, పని గురించి మాట్లాడేవారు. ఆసుపత్రికి మాత్రమే వెళ్లినవారికన్నా వీరి పరిస్థితి కాస్త మెరుగ్గా ఉంది. తేడా మోస్తరే, కానీ ఆ కార్యకర్తలు డాక్టర్లు కారు.

ఇంటి బలానికి రెండో వైపు పెళ్లి. జబ్బు దాచి చేసిన పెళ్లిలో మొదట ఆగేవి మాత్రలు... అత్తింట్లో కనపడకూడదు కదా! నిద్రలేమి, కొత్త మనుషులు, ఆపేసిన మందు. ఆరునెలలు తిరక్కుండా జబ్బు తిరగబెడుతుంది. 1999లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, మొదటిసారి కోలుకున్నాక మందు ఆపేసినవారికి తిరగబెట్టే ముప్పు దాదాపు ఐదు రెట్లని తేలింది. ఆ ఇబ్బంది కూడా ఆడపిల్లకు ఎక్కువ. స్కార్ఫ్ పరిశోధకులు 2003లో రాసిన పత్రంలో కనిపించేది ఇలాంటి స్త్రీలే: భర్త వదిలేసి, పుట్టింట్లో ముసలి తల్లిదండ్రుల నీడన బతుకుతున్నవారు. 'మా తర్వాత ఈ పిల్లను ఎవరు చూస్తారు?' అన్నదే ఆ తల్లిదండ్రుల బెంగ. స్కిజోఫ్రెనియా ఉన్నవారు పెళ్లి చేసుకోకూడదని ఏమీ లేదు. మందులతో నిలకడగా ఉండి, అవతలివారికి ముందే చెప్పి చేసుకున్నవారు హాయిగా కాపురాలు చేసుకుంటున్నారు. పెళ్లిని మందుగా వాడటమే ప్రమాదం.

ముభావంగా ఉన్న ప్రతి కుర్రాడికీ ఇదే జబ్బని కంగారుపడక్కర్లేదు. కానీ చదువు, నిద్ర, స్నేహాలు మూడూ ఒకేసారి దెబ్బతిని నెల దాటితే, దాంతోపాటు అకారణ అనుమానాలో ఒంటరి సంభాషణలో ఉంటే ఆలస్యం చేయకూడదు. గుడికి వెళ్లాలనుకుంటే వెళ్లండి, అదే వారంలో డాక్టరు దగ్గరికీ వెళ్లండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. 'ఎర్రగడ్డ' అన్న మాటను తిట్టుగా వాడటం అలవాటైపోయి చాలామంది ఆ గేటు దాటడానికే జంకుతారు. అంత దూరం వెళ్లే ముందు మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులోనూ మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మొదటి మార్పు ఏ నెలలో కనిపించిందో, ఎన్ని రోజులుగా నిద్ర లేదో, వంశంలో ఇంకెవరికైనా ఉందో, ఇప్పటిదాకా ఏ మందు ఎంత మోతాదులో ఎన్ని వారాలు వాడారో ఓ కాగితం మీద రాసి తీసుకెళ్లండి. పాత చీటీలు, ఖాళీ మాత్రల అట్టలు కూడా.